కాంటెస్సా కొనాలా వద్దా: ఇంజన్ సంగతి తర్వాత, ముందు మ్యాట్లు లేపండి

పాత కారు కొనాలనుకుంటున్నానని చెబితే అందరూ అడిగేది ఒక్కటే: "స్టార్ట్ అవుతుందా?" మిర్యాలగూడ బయట ఒక రైస్ మిల్లు ఆవరణలో పడి ఉన్న కాంటెస్సా గురించి చెప్పినప్పుడు మా తమ్ముడు అదే అడిగాడు, ఆఫీసులో వాళ్లూ అదే అడిగారు. స్టార్ట్ కాదు. ఇంజన్ జామ్ అయింది. ఏళ్లుగా తిరగలేదు. ఆ మాట వినగానే "మరి ఎందుకు దండగ?" అని తేల్చేస్తారు.

నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. కాంటెస్సా కొనేటప్పుడు ఇంజన్ చిట్టచివర చూడాల్సింది. ఇంజన్ జామ్ అయిన బండిని ధైర్యంగా కొనొచ్చు. సెల్ఫ్ కొట్టగానే అందుకునే బండిని ఊరికే ఇస్తామన్నా వద్దని దండం పెట్టాల్సిన సందర్భాలు ఉన్నాయి.

ముందు బండి సంగతి చెబుతాను. 1994 మోడల్ కాంటెస్సా క్లాసిక్, 1.8 లీటర్ల ఇసుజు (జపాన్ కంపెనీ) పెట్రోల్ ఇంజన్, ఏపీ 24 నంబరు, అంటే మన నల్లగొండ రిజిస్ట్రేషనే. ఒకప్పుడు తెలుపు. ఎడమవైపు ముందు భాగం దేనికో గట్టిగా గుద్దుకుంది. మడ్‌గార్డ్ నలిగిపోయింది, హెడ్‌లైట్ లేదు, బానెట్ ఆ మూల పైకి లేచింది. దెబ్బ తిన్నాక దాన్ని మిల్లుకు తెచ్చి ఊక గుట్టల పక్కన పెట్టారు. కొనుక్కున్న పెద్దమనిషి తర్వాత కాలం చేశారు. ఇప్పుడు కొడుకు అమ్ముతానంటున్నాడు. అడిగింది లక్షన్నర.

ఈ బండి పుట్టుక తెలియకపోతే బేరం కూడా తెలియదు. జనరల్ మోటార్స్‌కు ఇంగ్లండ్‌లో ఉన్న వాక్స్‌హాల్ కంపెనీ డెబ్బైల్లో విక్టర్ అనే పెద్ద కారు చేసింది. తర్వాత దాన్నే వీఎక్స్ పేరుతో అమ్మి 1978లో ఆపేసింది. ఆ డిజైన్‌ను హిందుస్థాన్ మోటార్స్ తెచ్చుకుని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో 1984 నుంచి కాంటెస్సాగా తయారు చేసింది. మొదట్లో పెట్టింది అంబాసిడర్‌లో ఉండే 1,489 సీసీ ఇంజనే. దాని బలం సుమారు 50 హార్స్ పవర్. అంత పెద్ద బాడీని లాగడానికి అది ఎంత కష్టపడి ఉంటుందో ఊహించుకోవచ్చు. తర్వాత ఇసుజు ఇంజన్, ఐదు గేర్ల బాక్స్ వచ్చాకే బండికి ప్రాణం వచ్చింది. 1,817 సీసీ, సుమారు 88 హార్స్ పవర్. తొంభైల్లో ఎస్టీమ్, సియెలో, హోండా సిటీ లాంటి కొత్త కార్లు ఒకదాని వెనక ఒకటి దిగాయి. పెట్రోలు తాగే ఈ పెద్ద బండి వాటి ముందు నిలవలేకపోయింది. 2002లో తయారీ ఆగిపోయింది.

దీన్ని 'ఇండియన్ మజిల్ కార్' అంటారు. పొడవాటి బానెట్, వెనక చక్రాలకు పవర్, వెడల్పుగా నేలకు ఆనుకున్నట్టుండే నిలుపు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. లెక్క చూస్తే మాత్రం అసలు మజిల్ కార్లు వేరే జాతి. 1964లో అమెరికాలో పాంటియాక్ జీటీఓ వచ్చినప్పుడు దాంట్లో పెట్టింది 6.4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్. బలం 325 హార్స్ పవర్ నుంచి మొదలు. మామూలు సైజు కారులో అతి పెద్ద ఇంజన్ పెట్టడమే ఆ కార్ల సూత్రం. మన కాంటెస్సా ఆ సూత్రంతో పుట్టింది కాదు. నాకు దాని మీద ప్రేమ తక్కువని కాదు ఈ మాట అంటున్నది. స్పీడు కోసం కొనేవాళ్లు మొదటి వారంలోనే నిరాశపడతారు. నలుగురు కాళ్లు చాపుకుని కూర్చుని, నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి, తొందర లేకుండా విజయవాడ దాకా పోవడానికి చేసిన బండి ఇది. నాకు కావాల్సిందీ అదే.

పేరు సంగతి ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మజిల్ కార్ అనుకోగానే జనం అమెరికా వీడియోలు చూసి వాటి సలహాలు ఇక్కడ వాడబోతారు. అక్కడ చెప్పేది ఏమిటి? తుప్పు పట్టినా భయం లేదు, ఒరిజినల్ ఇంజన్ ఉందో లేదో చూసుకోండి అని. అక్కడ అది నిజమే. ఫోర్డ్ మస్టాంగ్ లాంటి పాత అమెరికా కారుకు డోర్లు, ఫ్లోర్, మడ్‌గార్డ్‌లు అన్నీ కొత్తగా తయారవుతాయి. మొత్తం బాడీనే కొత్తది కొనుక్కోవచ్చు. ఫోన్ చేస్తే పెట్టెలో ఇంటికి వస్తుంది. అందుకే అక్కడ రేకు చవక, బండితో పాటే వచ్చిన, నంబరు కలిసిన ఇంజన్ ఖరీదు.

మన దగ్గర ఇది తలకిందులు. కాంటెస్సా ఇసుజు ఇంజన్‌నే తర్వాత అంబాసిడర్ 1800లో కూడా పెట్టారు. అంబాసిడర్లు 2014 దాకా తయారయ్యాయి, టాక్సీలుగా దేశమంతా తిరిగాయి. పిస్టన్, రింగులు, గ్యాస్కెట్, వాటర్ పంపు కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో రెండు గల్లీలు తిరిగితే ఏదో ఒకటి తేలుతుంది. అక్కడ లేకపోతే చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ ఉన్నాయి. లేత్ పని నల్లగొండలోనే అవుతుంది. జామ్ అయిన ఇంజన్‌ను చూసి భయపడక్కర్లేదు. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లోంచి కొంచెం డీజిల్, కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి పోసి కొన్నాళ్లు నాననిచ్చి, క్రాంక్ బోల్టుకు పానా వేసి చేత్తో మెల్లగా కదిలిస్తే చాలాసార్లు విడిపోతుంది. విడిపోకపోతే విప్పి రీబోర్ చేయిస్తారు, అంటే సిలిండర్లను కొంచెం వెడల్పుగా తొలిపిస్తారు. ఎంత చెడ్డా దానికొక ధర ఉంది. మెకానిక్ విప్పకముందే అటూ ఇటూగా ఆ ధర చెప్పగలడు.

బాడీకి అలా ధర చెప్పేవాడు లేడు. కాంటెస్సా మడ్‌గార్డ్ ఇంకే కారుకూ లేదు. ముందు అద్దం ఇంకే కారుదీ పట్టదు. వంపు ఉన్న అద్దం కాబట్టి షాపులో కోయించి తెచ్చుకునేదీ కాదు. టెయిల్ ల్యాంప్ అద్దం, గ్రిల్, అద్దాల చుట్టూ బీడింగ్ దొరకాలంటే ఇంకో కాంటెస్సా చావాలి. తుప్పు సంగతి ఇంకా ఘోరం. ఒక చోట గీకితే పక్కన ఇంకొకటి బయటపడుతుంది. ఇంజన్ ఖర్చుకు ఒక హద్దు ఉంటుంది, తుప్పు ఖర్చుకు ఉండదు. కొనాలా వద్దా అనే ప్రశ్నలో సగం ఇక్కడే తేలిపోతుంది.

అందుకే మిల్లుకు పోయేటప్పుడు మెకానిక్‌ను తీసుకుపోలేదు. నల్లగొండలో చాలా ఏళ్లుగా టింకరింగ్ (నలిగిన రేకు సరిచేసే పని) చేస్తున్న ఒక చాచాను బతిమాలి తీసుకుపోయాను. అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు కొట్టిన చెయ్యి ఆయనది. నేను అలవాటుగా బానెట్ ఎత్తబోతే ఆపాడు.

"ఇంజన్ నాకెందుకు తమ్మీ, బోల్టులిప్పితే అదే మీదికొస్తది. మ్యాట్లు లేపు."

డ్రైవర్ వైపు మ్యాట్ లేపితే కింద ఊక. మిల్లు గాలికి డోర్ సందుల్లోంచి వచ్చి చేరిన ఊక, ఎలుకలు గూడు కట్టిన సీటు పీచు, అన్నీ కలిసి తడికి ముద్దయి ఎండి గట్టిపడ్డాయి. మిర్యాలగూడ అంటే సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, చుట్టూ వరి. పాలమూరు మెట్ట ఊళ్లలో గోడ పక్కన నిలబెట్టిన బండికీ, ఇక్కడ ఊక గుట్ట పక్కన నిలబెట్టిన బండికీ తేడా ఉంటుంది. ఊక తడిని పట్టుకుని వదలదు, ఆ తడి రేకుకు అంటుకుని ఉంటుంది. చాచా ఆ ముద్దను చేత్తో తోడి, స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోర్ మీద తట్టుకుంటూ పోయాడు. మంచి రేకు ఖణేల్‌మంటుంది. తుప్పు తిన్న చోట చప్పుడు చచ్చిపోతుంది. క్లచ్ పెడల్ కింద అలాగే చచ్చింది. స్క్రూడ్రైవర్ తిప్పి మొనతో కొంచెం అదిమాడు, మొన అవతలికి దిగింది. డ్రైవర్ పాదాల కింద అరచేయంత, వెనక సీటు ముందు అంతకంటే పెద్దది, డిక్కీలో స్టెప్నీ గుంత అడుగున ఒక రంధ్రం.

నా ముఖం చూసి, "ఇవి అతుకులు. అతుకేస్తే అయిపోతది. అసలుది ఇంక జూడలే," అన్నాడు.

అసలుది అంటే డోర్ల కింద, బండి పొడవునా ఉండే డొల్ల పెట్టె. ఈ కారుకు లారీలాగా విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. ఆ రెండు పెట్టెలు, మధ్యలో గేర్‌బాక్స్ మీద ఉబ్బెత్తుగా పోయే సొరంగం, ఇవే బండి బరువు మోస్తాయి. చాచా పరీక్ష సులువైనది, ఎవరైనా చేసుకోవచ్చు. ముందు డోర్ తీసి, వేసి, ఎలా పడుతుందో చూశాడు. తర్వాత ఆ పక్కన జాకీ పెట్టే చోట జాకీ పెట్టి చక్రం నేల విడిచేదాకా ఎత్తాడు. మళ్లీ డోర్ తీసి వేయమన్నాడు. పెట్టె గట్టిగా ఉంటే డోర్ మొదట్లాగే పడుతుంది. పుచ్చిపోయి ఉంటే బండి నడుం వంగుతుంది, డోర్ బిగుసుకుంటుంది, లేదా తాళం దగ్గర కలవదు. కుడివైపు డోర్ రెండుసార్లూ ఒకేలా పడింది. ఎడమవైపు వెనక మాత్రం జాకీ తగిలిన చోట రేకు కరకరమంటూ లోపలికి పోయింది. జాకీని జానెడు ముందుకు జరిపి ఎత్తితే నిలిచింది, డోర్ కూడా సరిగ్గానే పడింది.

ఇక ముందు దెబ్బ. ఇది చూడటానికి దారపు ఉండ తెచ్చాడు. ఇంజన్ గదిలో ఎడమ వెనక మూల నుంచి కుడి ముందు మూలకు ఒక కొలత, కుడి వెనక నుంచి ఎడమ ముందుకు ఒక కొలత. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ మూల నుంచి మూలకు తాడు పట్టి చూస్తాడే, అచ్చం అలాగే. రెండూ సమానమైతే ముందు భాగం చదరంగా ఉన్నట్టు. ఇక్కడ తేడా చిటికెన వేలు మందం వచ్చింది. అంటే దెబ్బ మడ్‌గార్డ్‌తోనే ఆగలేదు, లోపలి పట్టీని కూడా కొంచెం నెట్టింది. అయినా సస్పెన్షన్ బిగించే చోట్లు కదలలేదు. గొలుసు కట్టి లాగి సరిచేయొచ్చని చాచా అన్నాడు. సస్పెన్షన్ చోట్లు కదిలి ఉంటే అక్కడికక్కడే తిరిగి వచ్చేవాళ్లం.

అయస్కాంతం మాట కూడా చెప్పాలి. చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ అంతా ఆనించుకుంటూ పోండి. పట్టని చోట రంగు కింద రేకు లేదు, లప్పం ఉంది. అమ్మకానికి కొత్తగా రంగు వేసిన బండి అయితే ఈ పరీక్ష తప్పనిసరి. ఈ కోణంలో మిల్లులో ఉన్న బండి నయం. దీనికి ఎవరూ మేకప్ వేయలేదు, ఉన్న రోగమంతా బయటే కనపడుతోంది. మెరిసిపోతూ స్టార్ట్ అయ్యే కాంటెస్సాను మూడు నాలుగు లక్షలకు కొని, లప్పం ఊడాక ఏడ్చేవాళ్ల కంటే నా పరిస్థితి మేలనే అనుకుంటున్నాను.

రేకు తర్వాత కాగితం. నా దృష్టిలో ఇది రేకు కంటే కఠినమైంది, ఎందుకంటే దీన్ని సుత్తితో కొట్టి సరిచేసే మేస్త్రీ లేడు. కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు ఉంటుంది. తర్వాత ఐదేళ్లకోసారి బండిని చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. ఈ బండిది 2009లో ముగిసింది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. 2025 ఆగస్టులో కేంద్రం మార్చిన ఫీజుల ప్రకారం 20 ఏళ్లు దాటిన కారు రెన్యువల్‌కు 10,000 రూపాయలు. దానికి ముందే వచ్చిన నిబంధనల్లో ఆలస్యమైన ప్రతి నెలకూ 500 రూపాయల అదనపు ఫీజు ఉంది. ఆ పైన పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్. ఇవన్నీ కలిపి ఎంతవుతుందో రవాణా శాఖ ఆఫీసులో లెక్క వేయించుకున్నాకే అమ్మేవాళ్లతో బేరానికి కూర్చోవాలి. ఆ మొత్తం బండి ధరలోంచే పోవాలి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు కదా అని కొందరు సలహా ఇచ్చారు. 2021 జులైలో వచ్చిన ఆ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండ్లకు. 1994 బండికి 2044 దాకా ఆ దారి లేదు. ఉన్నా నాకు పనికిరాదు. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని ర్యాలీలకూ ప్రదర్శనలకూ తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. షోకేసులో పెట్టుకోవడానికి నేను ఈ బండి కొనడం లేదు.

అసలు చిక్కు యజమాని లేకపోవడం. ఆర్సీ ఆయన పేరు మీదే ఉంది. కొడుకు సంతకం పెట్టి నాకు నేరుగా అమ్మలేడు. ముందు మరణ ధ్రువపత్రం, వారసత్వ కాగితం, మిగతా వారసుల అఫిడవిట్లతో ఫారం 31 పెట్టి బండి తన పేరు మీదికి మార్చుకోవాలి. ఆ తర్వాతే ఫారం 29, 30 మీద నాకు బదిలీ. "అవన్నీ ఎందుకన్నా, పాత సంతకాలున్న ఫారాలు ఇంట్లో ఉన్నయ్, తారీఖు ఏసుకో," అన్నాడు ఆ అబ్బాయి. మంచి మనసుతోనే అన్నాడు. కానీ చనిపోయిన మనిషి సంతకంతో బండి మార్చుకోవడం నేరం. రేపు దాని మీద ఏ ఇన్సూరెన్సూ నిలబడదు. చాసిస్ నంబర్ ఆర్సీతో కలుస్తుందో లేదో కూడా పెన్సిల్ రుద్ది కాగితం మీదికి ఎక్కించుకుని చూశాను. కలిసింది. ఇంజన్ నంబర్ కూడా కలిసింది. ఎవరో ఎప్పుడో డీజిల్ ఇంజన్ ఎక్కించిన కాంటెస్సాలు చాలా తిరుగుతున్నాయి. ఆ మార్పు ఆర్సీలో ఎక్కకపోతే అలాంటి బండి జోలికి పోవద్దు.

డబ్బు గురించి ఇంట్లో గట్టిగానే వాదన జరిగింది. చాచా చెప్పిన ప్రకారం టింకరింగ్, పెయింటింగ్ కలిపి మూడు లక్షలకు తగ్గదు. ఇంజన్, బ్రేకులు, ఎలుకలు కొరికిన వైరింగ్, టైర్లు, సీట్లు ఇంకో రెండు. ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు పైపులు ఆగవు కాబట్టి ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా అన్నీ మార్చాలి. ఇంత పెట్టాక అమ్మితే ఎంతొస్తుందని మా మామయ్య అడిగారు. పెట్టింది రాదు. ఈ మాట ముందే ఒప్పుకోని వాళ్లు ఈ పని మొదలుపెట్టకూడదు. లాభం కోసమైతే బీబీనగర్ వైపు ప్లాటో, బ్యాంకులో డిపాజిట్టో చూసుకోవాలి. మా ఆవిడ అడిగింది మాత్రం సరైన ప్రశ్న: "ఈ డబ్బు వల్ల మనకు ఆగిపోయే పని ఏంటిది?" పిల్ల చదువు డబ్బు, ఇంటి లోను ముట్టకుండా, నెలనెలా మిగిలే దాంట్లోంచే విడతలుగా చేయించాలని మేమిద్దరం ఒప్పుకున్నాం. అందుకు ఎన్నేళ్లయినా పట్టనీ. ఒకటే నియమం: బండి మొత్తం ఒకేసారి విప్పొద్దు. డబ్బు అయిపోయి, విప్పిన సామాను గోనె సంచుల్లో ఉండిపోయిన బండ్లు ఏ షెడ్డుకు పోయినా కనపడతాయి. ముందు ఫ్లోర్, ఆ పెట్టె, ముందు భాగం. అది పూర్తయ్యాకే ఇంజన్ కిందికి దించడం.

స్క్రాప్‌కు ఇచ్చేయడమే దేశానికి మంచిదనే వాళ్లకు కూడా జవాబు చెప్పాలి. రోజూ పొగ కక్కుతూ తిరిగే పాత బండ్లను తీసేయాలనే విధానం సరైనదే. వాటి బదులు కొత్త బండి కొంటే పన్నులో రాయితీ ఇవ్వడమూ సరైనదే. నెలకు రెండుసార్లు బయటికి తీసే బండిని ఆ గాటన కట్టడం న్యాయం కాదు. ఇది ఒకప్పుడు మన మిల్లు సేట్లు, కాంట్రాక్టర్లు, నాయకులు ఎక్కి తిరిగిన బండి. ఈ జిల్లా రోడ్ల చరిత్రలో దానికీ చోటుంది.

నన్ను నిజంగా తొందరపెడుతున్న కారణం మాత్రం వేరే. ఆ రోజు తిరిగి వస్తూ, ఈ మడ్‌గార్డ్ ఎక్కడ దొరుకుతుంది చాచా అని అడిగాను. "దొరకుడేంది, చేస్త," అన్నాడు. షాపులో నాకొక ముక్క చూపించాడు. జీపుకు చేస్తున్న వంపు రేకు. సాదా రేకును కత్తిరించి, వెనక ఇనుప దిమ్మ ఆనించి, ముందు నుంచి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టుకుంటూ, మధ్యమధ్యలో కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరి చూస్తాడు. కంటికి కనపడని ఎగుడుదిగుడు చేతికి తెలుస్తుందట. నేను నిమిరితే నాకేమీ తెలియలేదు. ఆయన మళ్లీ అదే చోట రెండు దెబ్బలు వేశాడు. ఆ షాపులో ఇప్పుడు పని నేర్చుకునే పిల్లలు లేరు. వాళ్ల తప్పు కూడా కాదు. కొత్త కార్ల పని వేరు. బంపర్ పగిలితే బంపర్ మారుస్తారు, డోర్ నలిగితే కొత్త డోర్ వేస్తారు, ఇన్సూరెన్స్ డబ్బు కడుతుంది. రేకును చేత్తో మలిచే అవసరమే రాదు. చాచా కొడుకు హైదరాబాద్‌లో ఏసీలు రిపేరు చేస్తున్నాడు. ఆయన చూపు ఇంకెన్నాళ్లు ఆనుతుందో ఆయనకే తెలియదు.

కాంటెస్సా మళ్లీ కొనొచ్చు, ఇంకో ఊళ్లో ఇంకొకటి దొరుకుతుంది. డబ్బు కూడబెట్టి, రిటైరయ్యాక తీరిగ్గా చేయించుకుందామనే వాళ్లకు నేను చెప్పేది ఇదే: అప్పటికి బండి ఉంటుంది, మీ దగ్గర డబ్బూ ఉంటుంది, రేకు కొట్టేవాళ్లు ఉండరు. మీ దగ్గర్లో అలాంటి చెయ్యి లేకపోతే బండి ఎంత చవకైనా కొనకండి. ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి.

నేను కొంటున్నాను. తొంభై వేలు ఇస్తానన్నాను. రెన్యువల్ బాకీ వాళ్లదే. బండి ముందు కొడుకు పేరు మీదికి మారాలి, అప్పుడే డబ్బు, అడ్వాన్స్ కూడా లేదు. వాళ్ల అక్క సూర్యాపేటలో ఉంటుంది, ఆమె అఫిడవిట్ కావాలి. ఆమె ఒప్పుకోకపోతే ఈ బేరం లేనట్టే, ఎంత ఇష్టమున్నా సరే. ఈలోగా బండిని ఊక గుట్ట దగ్గర నుంచి తీయించి సిమెంటు నేల మీద పెట్టించాను, ప్లగ్గుల రంధ్రాల్లో ఆయిల్ పోయించాను. ఎడమవైపు టెయిల్ ల్యాంప్ అద్దం పగిలి ఉంది. పాలమూరు, జడ్చర్ల, కల్వకుర్తి వైపు ఎవరి షెడ్డులోనైనా విప్పేసిన కాంటెస్సా క్లాసిక్ ఉంటే, ఆ అద్దం పారేయకుండా నాకొక మాట చెప్పండి.